మీ ఆఫీసు మాటలు మాకు నేర్పండి: టీమ్ లీడ్‌లకు, మేనేజర్లకు, హెచ్‌ఆర్ వాళ్లకు ఒక ఇంటర్న్ బహిరంగ లేఖ

నమస్కారం.

మీకు పని ఒత్తిడి ఎంత ఉంటుందో పక్కనే కూర్చుని చూస్తున్నాం కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. కొత్తగా చేరిన ఇంటర్న్‌కి మీ ఆఫీసులో వాడే మాటలు ఎవరూ నేర్పడం లేదు. లాప్‌టాప్ ఇస్తున్నారు, ఐడీ కార్డు ఇస్తున్నారు, పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలో వీడియో చూపించి చివర్లో చిన్న పరీక్ష కూడా పెడుతున్నారు. మర్నాడు పొద్దున మీటింగ్‌లో మీరు మాట్లాడుకునే మాటల్లో సగానికి అర్థం చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ ఇవ్వడం లేదు.

ఇది ముందు లోపలే చెప్పాం. నేను పనిచేస్తున్న చోట మా బ్యాచ్ అంతా కలిసి మెయిల్ పెట్టాం, ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాం, హెచ్‌ఆర్ వాళ్లతో మీటింగ్ జరిగినప్పుడు ఎదురుగానే చెప్పాం. "మంచి పాయింట్, నోట్ చేసుకున్నాం" అన్నారు. అంతే, ఆ తర్వాత కదలిక లేదు. మళ్లీ గుర్తు చేస్తే "ఇవన్నీ మెల్లగా అవే వచ్చేస్తాయి" అని సర్దిచెప్పారు. వేరే చోట్ల చేరిన స్నేహితులను అడిగితే, సాఫ్ట్‌వేర్ వాళ్లే కాదు, ఆడిట్ ఆఫీసులో ఉన్నవాళ్లు, ఫ్యాక్టరీలో ట్రైనీగా ఉన్నవాళ్లు కూడా ఇదే చెప్పారు. అందుకే ఏ ఒక్క సంస్థ పేరూ ఎత్తకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

అపార్థం చేసుకోకండి, పొట్టి మాటలు వాడొద్దని నేను అనడం లేదు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు "ఇందాక పెట్టిన కొత్త కోడ్ తీసేసి పాత వెర్షన్ మళ్లీ పెట్టండి" అని ఎవరూ వివరంగా చెప్పరు, "రోల్‌బ్యాక్" అంటారు, అదే సరైనది. ఏ వృత్తికైనా తన మాటలు ఉంటాయి, ఉండాలి కూడా. నా గొడవ అంతా ఆ మాటలు తెలియనివాడిని మధ్యలో కూర్చోబెట్టి, తెలిసినట్టే లెక్కగట్టి, చివర్లో మార్కులు వేయడం గురించే.

ఆఫీసులో వినపడే మాటలన్నీ ఒకే రకం కాదు, ఇది మీరు గమనించారో లేదో నాకు తెలియదు. కొన్ని వృత్తి మాటలు. ఏపీఐ, రీఫ్యాక్టరింగ్, రిగ్రెషన్ టెస్ట్, అకౌంట్స్‌లో అయితే అక్రూవల్, రీకన్సిలియేషన్, ఆసుపత్రిలో అయితే ట్రయాజ్. ఇవి పుస్తకాల్లో ఉన్నాయి, నెట్‌లో ఉన్నాయి, నేర్చుకోవడం పూర్తిగా మా పని, వీటి గురించి మిమ్మల్ని అడిగేది ఏమీ లేదు. రెండో రకం, మీ సంస్థలో మాత్రమే తిరిగే మాటలు. ప్రాజెక్టుకి పెట్టుకున్న ముద్దుపేరు, ఏదో గ్రహం పేరుతో ఉన్న సర్వర్, మూడక్షరాల టీమ్ పేరు, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన మనిషి రాసిన స్క్రిప్టుని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలవడం. ఇవి ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ దొరకవు, మీ నోటి నుంచి రావాల్సిందే. మూడో రకం మరీ కష్టం, ఎందుకంటే అందులో మాటలన్నీ తెలిసినవే, అర్థమే వేరు. "దీన్ని ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అంటే ఇక్కడ ఆపమని. "పార్క్ చేద్దాం" అంటే చాలాసార్లు ఇక దాని ఊసెత్తొద్దని. "వీలున్నప్పుడు ఒకసారి చూడు" అని మేనేజర్ అంటే, మనిషిని బట్టి అది వచ్చే వారం కావచ్చు, ఈ సాయంత్రమే కావచ్చు.

నా ఫిర్యాదు ఈ రెండో రకం, మూడో రకం గురించి. ఆ రెంటినీ మొదటి రకంతో కలిపేసి "కాలేజీలో ఇవి కూడా నేర్పలేదా" అంటున్నారు, అక్కడే మాకు అన్యాయం జరుగుతోంది.

ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రోజూ క్లుప్తంగా చెప్పుకునే మీటింగ్‌ని స్టాండప్ అంటారు. అలాంటి ఒక మామూలు స్టాండప్ మీటింగ్‌లో వినపడే మాట ఇది: "పీఆర్ రైజ్ చేశా, సీఐ రెడ్‌లో ఉంది, ఫ్లేకీ టెస్ట్ అనుకుంటా, రీరన్ చేసి మెర్జ్ చేస్తా, ఈఓడీకి స్టేజింగ్‌లో ఉంటుంది, యూఏటీకి మాత్రం క్యూఏ వాళ్ల బ్యాండ్‌విడ్త్ కావాలి." పది సెకన్లలో చెప్పేస్తారు. విడదీస్తే విషయం తేలికే. నేను మార్చిన కోడ్‌ని అందరి కోడ్‌లో కలపమని అభ్యర్థన పెట్టాను. ఆటోమేటిగ్గా జరిగే పరీక్షల్లో ఒకటి తప్పింది. ఆ పరీక్ష ఒకసారి పాసై ఒకసారి ఫెయిలవుతూ ఉంటుంది కాబట్టి తప్పు నా కోడ్‌ది కాకపోవచ్చు. మళ్లీ నడిపి కలిపేస్తాను. సాయంత్రానికి అసలు సర్వర్‌లాంటి ప్రయోగ సర్వర్‌లో కనపడుతుంది. వాడేవాళ్ల తరఫున చేసే ఆఖరి పరీక్షకు మాత్రం టెస్టింగ్ టీమ్ వాళ్లకు ఖాళీ ఉండాలి. మాటలు తెలిసినవాళ్లకు ఇందులో పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు. తెలియనివాడికి ఒక మాట దగ్గర ఆగేసరికి మిగతా ఐదూ వెళ్లిపోతాయి, ఈలోగా "నీ అప్‌డేట్ ఏంటి?" అని తనవైపు తిరుగుతారు.

దీనివల్ల ఏం జరుగుతోందో వరసగా చెబుతాను. ఇవి నాకు, మా బ్యాచ్ వాళ్లకు, వేరే చోట్ల ఉన్న స్నేహితులకు రోజూ ఎదురవుతున్నవే.

1. చేసిన పని వృథా అవుతోంది. ఒకే పొట్టి మాటకు రెండు మూడు అర్థాలున్నాయి, ఏ అర్థంలో వాడుతున్నారో చెప్పరు. పీఓసీ అంటే ఒక మెయిల్‌లో "ఇది కుదురుతుందో లేదో చూడటానికి చేసే చిన్న నమూనా", ఇంకో మెయిల్‌లో "ఈ విషయానికి ఎవరిని అడగాలో ఆ మనిషి". పీఆర్ అంటే కోడ్ టీమ్‌లో ఒకటి, ప్రచారం చూసే టీమ్‌లో ఇంకొకటి. ఒక టీమ్‌లో అన్నిటికంటే అత్యవసరం పీ జీరో, పక్క టీమ్‌లో లెక్క పీ వన్ నుంచే మొదలవుతుంది, అంటే అదే "పీ వన్" ఒకచోట రెండో వరసలో ఉంటుంది, ఇంకోచోట అన్నీ ఆపేసి చూడాల్సిన పని. ఈఓడీ అంటే రోజు ముగిసేలోపు అని అందరికీ తెలుసు, కానీ టీమ్ మూడు దేశాల్లో ఉన్నప్పుడు ఎవరి రోజు? కోడ్ రివ్యూలో "నిట్" అని మొదలయ్యే వ్యాఖ్య అంటే చిన్న విషయం, ఇష్టమైతే మార్చు, లేకపోతే లేదు అని అర్థం. ఇది తెలియని పిల్లలు నిట్‌లన్నీ సరిచేస్తూ రోజంతా గడిపి, అసలు సరిచేయాల్సిన ఒక్క పెద్ద వ్యాఖ్యని మర్నాటికి వదిలేస్తున్నారు. అందులో వాళ్ల బద్ధకం ఏమీ లేదు, ఏది ముఖ్యమో చెప్పే గుర్తు వాళ్లకు తెలియదు, అంతే.

"అయిపోయింది" అన్న మాటైనా తీసుకోండి. కోడ్ రాయడం అయిందా, ఇంకొకరు చూడటం అయిందా, పరీక్షించడం అయిందా, వాడేవాళ్ల చేతికి చేరిందా? పనిని చిన్న చిన్న గడువులుగా విడగొట్టుకుని చేసే స్క్రమ్ పద్ధతిలో పనిచేసే టీమ్‌లకి ఇది కొత్త సంగతి కూడా కాదు. ఆ పద్ధతిని రూపొందించిన కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ 2010 నుంచి ప్రచురిస్తున్న స్క్రమ్ గైడ్‌లో "డెఫినిషన్ ఆఫ్ డన్" ఉంటుంది, అంటే పని పూర్తయిందని ఎప్పుడు అనాలో అందరికీ ఒకేలా తెలియాలన్నది ఆ పద్ధతిలో ఒక భాగం. పద్ధతి పేర్లన్నీ వాడుతున్నారు, స్ప్రింట్ అంటున్నారు, రెట్రో అంటున్నారు, ఆ ఒక్క నిర్వచనం ఎక్కడ రాసి ఉందని అడిగితే మాత్రం "అందరికీ తెలుసు" అంటున్నారు. నిన్న చేరినవాళ్లు ఆ అందరిలో లేరా?

2. తెలియనితనానికి వేరే పేరు పెట్టి మార్కులు తగ్గిస్తున్నారు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. ఇంటర్న్‌షిప్ మధ్యలో వచ్చే రివ్యూల్లో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి", "ప్రోయాక్టివ్‌గా లేరు", "మీటింగుల్లో మాట్లాడరు" అని రాస్తున్నారు. విషయం తెలిసి, పని చేతనై, మాటల దగ్గర చిక్కుకుపోయిన మనిషికి ఈ మూడు వాక్యాలూ సరిగ్గా అతుకుతాయి. రివ్యూ రాసేవాళ్లకి రెంటికీ తేడా తెలిసే దారి లేదు, తెలుసుకోవాలని ప్రయత్నించినవాళ్లు కూడా నాకు తెలిసి చాలా తక్కువ. ఆ కాగితం చూసే ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తారు. ఒక మనిషి మొదటి ఉద్యోగం, ఇంటికి రావాల్సిన మొదటి జీతం, ఎవరూ చెప్పని నలభై యాభై మాటల మీద ఆధారపడటం సరైనదేనా?

3. తెలియనివాళ్లు నోరు మూసుకుంటున్నారు. ఇలాన్ మస్క్ 2010లో స్పేస్‌ఎక్స్ ఉద్యోగులకు పొట్టి మాటల గురించే ప్రత్యేకంగా ఒక మెయిల్ పంపారు. ఇన్ని పొట్టి పేర్లు ఎవరికీ గుర్తుండవు, తెలివితక్కువవాళ్లమని అనుకుంటారేమోనని జనం మీటింగుల్లో అర్థం కాకుండానే కూర్చుంటారు, కొత్తవాళ్లకి ఇది మరీ కష్టం, ఇకమీదట ఇష్టం వచ్చినట్టు కొత్తవి పుట్టించొద్దు అన్నది దాని సారాంశం. ఆయన మిగతా అభిప్రాయాలతో నాకు పని లేదు. రాకెట్లు తయారుచేసే ఇంజనీర్లకే అర్థం కాకుండా కూర్చునే పరిస్థితి ఉందని సంస్థ అధిపతే ఒప్పుకుని మెయిల్ పెట్టాల్సి వచ్చినప్పుడు, మొదటి వారంలో ఉన్న ఇంటర్న్ చెయ్యెత్తి "అదేంటండీ" అని అడగలేకపోవడం పిరికితనం ఎలా అవుతుంది?

అడిగినా ఒక్కోసారి ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ఎవరో చిన్నగా నవ్వుతారు. "తర్వాత చెబుతా" అంటారు, ఆ తర్వాత రాదు. లేకపోతే ఒక పొట్టి మాటని ఇంకో రెండు పొట్టి మాటలతో వివరిస్తారు. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరూ అడగరు.

4. ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసినవాళ్లు లేని పిల్లలు ముందే వెనకబడుతున్నారు. అమ్మో నాన్నో అక్కో ఇలాంటి ఉద్యోగంలో ఉంటే స్ప్రింట్, అప్రైజల్, ఎస్కలేషన్, నోటీస్ పీరియడ్ అన్న మాటలు ఇంట్లోనే చెవిన పడతాయి, ఏ మెయిల్‌కి ఎంత త్వరగా జవాబివ్వాలో కూడా తెలుస్తుంది. ఇంట్లో మొదటిసారి ఆఫీసు గడప తొక్కినవాళ్లకి ఆ సౌకర్యం లేదు. ఇద్దరికీ చదువు ఒకటే, పరీక్షలో మార్కులూ ఒకటే, నెల తిరిగేసరికి ఒకరు "చురుకైనవాళ్లు", ఇంకొకరు "ఇంకా సెట్ కాలేదు". ఇంగ్లిష్ ఇంటి భాష కానివాళ్లకి దీని మీద ఇంకో బరువు, ఎందుకంటే వినపడ్డ మాట తమకు రాని ఇంగ్లిషో, ఇంగ్లిష్ వచ్చినవాళ్లకీ తెలియని ఆఫీసు మాటో వాళ్లు తేల్చుకోలేరు, తప్పు తమ ఇంగ్లిష్‌లోనే ఉందనుకుని కుంగిపోతారు. అందరికీ సమాన అవకాశం అని మీరు వెబ్‌సైట్‌లో రాసుకున్నారు. దాన్ని పాటించడానికి పెద్ద ఖర్చు అక్కర్లేని చోటు ఇదే.

5. నష్టం ఆఫీసు దాటి బయటివాళ్ల దాకా వెళ్తుంది. ఇది ఇంటర్న్‌ల సొంత గోల అనుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనరీఫ్ దీవి విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు, రేడియోలో రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడటం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. అందులో మాట కూడా ఒకటి. "వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అని ఒక విమానం నుంచి వినపడింది. వాళ్లు అప్పటికే పరుగు మొదలుపెట్టారు, కింది నుంచి విమానాలకు అనుమతులిచ్చే కంట్రోలర్‌కి మాత్రం టేకాఫ్‌కి సిద్ధంగా నిలబడ్డారని అర్థమైంది. ఆ తర్వాత నియమం మారింది. టేకాఫ్ అన్న మాట అసలు అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడరు, మిగతా అన్నిచోట్లా "డిపార్చర్" అంటారు. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర కొలంబియా విమాన సంస్థ ఆవియాంకా వాళ్ల 52వ నంబరు విమానం ఇంధనం అయిపోయి కూలిపోయింది, 158 మందిలో 73 మంది చనిపోయారు. సిబ్బంది "ప్రయారిటీ" అడిగారు, ఇంధనం అయిపోతోందనీ చెప్పారు, కంట్రోలర్లని వెంటనే కదిలించే "ఎమర్జెన్సీ" అన్న మాట మాత్రం వాళ్లతో అనలేదు. ఇంధనం తక్కువైనప్పుడు ఏ మాట వాడాలో పైలట్లకూ కంట్రోలర్లకూ అందరికీ ఒకేలా అర్థమయ్యే పదజాలం లేకపోవడాన్ని కూడా అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఒక కారణంగా రాసింది.

ఆసుపత్రుల్లో సంగతి చూడండి. ఇన్సులిన్ మోతాదు రాసేటప్పుడు యూనిట్ అని పూర్తిగా రాయకుండా ఒక్క "యూ" అక్షరం రాస్తే అది సున్నాలా కనపడి మోతాదు పది రెట్లయ్యే ప్రమాదం ఉంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఇలాంటి పొట్టి రాతల జాబితా ఒకటి చేసి, వీటిని వాడొద్దని చెప్పింది. ఏళ్ల అనుభవం ఉన్న డాక్టర్లకీ నర్సులకీ కూడా "పూర్తిగా రాయండి" అని చెప్పాల్సి వచ్చింది.

మన ఆఫీసుల్లో ప్రాణాలు పోకపోవచ్చు. కానీ "ప్రాడ్" అంటే నిజంగా జనం వాడే సర్వర్ అని, "స్టేజింగ్" అంటే ప్రయోగాలకి ఉంచింది అని తెలియని మనిషికి రెంటి తాళాలూ ఇచ్చి, ఎవరూ వివరించకపోతే, ఏదో ఒక రోజు ఎవరిదో డబ్బు బదిలీ మధ్యలో ఆగిపోతుంది, ఎవరిదో టికెట్ కనపడకుండా పోతుంది. కస్టమర్‌కి ఆ ఇంటర్న్ పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్లకి జరిగిన నష్టం మాత్రం నష్టమే.

6. మీ సమయమూ పోతోంది. ప్రతి బ్యాచ్‌కీ ప్రతి సీనియర్ అవే మాటలు ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతున్నారు, అదీ తప్పు జరిగాక. ఒకసారి రాసి పెడితే తీరే పని.

ఇప్పుడు మాకు మామూలుగా వచ్చే జవాబుల గురించి.

"నెట్‌లో వెతుక్కోవచ్చుగా" అంటారు. వృత్తి మాటలకైతే వెతుక్కుంటున్నాం. మీ ప్రాజెక్టు ముద్దుపేరు వెతికితే ఏదో షాంపూ కంపెనీ వస్తుంది. ఏఐ చాట్‌బాట్‌ని అడగమని ఈమధ్య కొత్తగా చెబుతున్నారు. దానికి మీ సంస్థ లోపలి మాటలు తెలియవు, అయినా తెలియదని అనకుండా నమ్మేలా ఏదో ఒక విస్తరణ ఇచ్చేస్తుంది, అది నిజమనుకుని పని మొదలుపెడితే ఇంకా ప్రమాదం. పైగా సందర్భం అర్థం కావాలంటే మీ మెయిల్‌ని అందులో పెట్టాలి, సంస్థ సమాచారం బయటి సాధనాల్లో పెట్టకూడదని చేరిన రోజే సంతకం చేయించుకున్నారు. మరి ఎక్కడ వెతకాలి?

"మేమూ ఇలాగే నేర్చుకున్నాం" అంటారు. నమ్ముతాను. అప్పుడు మీకు కలిగిన ఇబ్బంది ఎంతో మీకిప్పుడు గుర్తు లేకపోవడమే సమస్య అని కూడా అనుకుంటున్నాను. ఒక విషయం తెలిశాక, అది తెలియని మనిషి స్థితిని ఊహించడం కష్టం. 1989లో ఆర్థికవేత్తలు కొందరు దీనికి "కర్స్ ఆఫ్ నాలెడ్జ్", అంటే తెలిసి ఉండటమే శాపం కావడం, అని పేరు పెట్టారు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని చేసిన ప్రయోగం చూడండి: కొందరు అందరికీ తెలిసిన పాటల వరసని బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివాళ్లు అది ఏ పాటో చెప్పాలి. సగం మంది కనుక్కుంటారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో ఎదుటివాళ్లు కనుక్కున్నవి మూడే. కొట్టేవాళ్లకి మనసులో పాట మొత్తం వినపడుతూ ఉంటుంది, వినేవాళ్లకి బల్ల చప్పుడు మాత్రమే. మీ మీటింగుల్లో మా పరిస్థితి సరిగ్గా అదే, దీన్ని నింద అనుకోకండి.

"అడగనిదే అమ్మయినా పెట్టదు కదా, అడగొచ్చుగా" అంటారు. ఆకలి వేస్తోందని తెలిసినవాళ్లు అడుగుతారు. "వీలున్నప్పుడు చూడు" అన్న మాటకి ఇంకో అర్థం ఉందని తెలియనివాళ్లు ఏమని అడగాలి?

"టైమ్ లేదు" అన్నదానికి నా దగ్గర జవాబు ఉంది, కింద డిమాండ్లలో రాశాను. సంస్థలు తలచుకుంటే ఇది చేయగలవని కూడా చెప్పాలి. సామాన్యులకి అర్థమయ్యేలా రాయాలని అమెరికా ప్రభుత్వం తన శాఖలకి 2010లో ప్లెయిన్ రైటింగ్ చట్టం ద్వారా బాధ్యత పెట్టింది. సరళమైన భాషకి 2023లో ఐఎస్ఓ ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా తెచ్చింది, దాని నంబరు 24495-1. నాణ్యతకి ఐఎస్ఓ సర్టిఫికెట్ గోడకి తగిలించుకునే సంస్థలు ఇదీ ఒకసారి తెరిచి చూడాలని నా కోరిక.

మేం అడిగేవి ఇవి:

1. మీ సంస్థలో మాత్రమే వాడే మాటల జాబితా ఒకటి, ఇంటర్న్ చేరిన మొదటి రోజే చేతికి ఇవ్వండి. పెద్ద పుస్తకం అక్కర్లేదు. మాట, ఒక వాక్యంలో అర్థం, ఎవరిని అడిగితే ఇంకా వివరంగా తెలుస్తుందో వాళ్ల పేరు. ఒకే పొట్టి మాటకి టీమ్‌ని బట్టి అర్థం మారితే రెండూ రాయండి. సమయం లేదంటే ఆ పని మాకే అప్పజెప్పండి, ప్రతి బ్యాచ్ తాము విన్న మాటలన్నీ రాసి పెడుతుంది, ఒక సీనియర్ వారానికి అరగంట కూర్చుని సరిచూస్తే చాలు. మా బ్యాచ్ ఇప్పటికే ఇలాంటిది మొదలుపెట్టింది, సరిచూసే మనిషే దొరకడం లేదు.

2. మెయిల్‌లో, డాక్యుమెంట్‌లో ఒక పొట్టి మాట మొదటిసారి వచ్చినప్పుడు పూర్తి పేరు రాయండి. ఆ తర్వాత ఎన్నిసార్లైనా పొట్టిగా రాసుకోండి.

3. గడువు చెప్పేటప్పుడు తేదీ, గంట, ఏ దేశం టైమో చెప్పండి. ఈఓడీ, "వీలైనంత త్వరగా", "నో రష్" లాంటి మాటలు ఇంటర్న్‌లకి ఇచ్చే పనుల్లో వాడకండి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది కూడా నేరుగా చెప్పండి.

4. పని పూర్తయిందని ఎప్పుడు అనాలో, పీ వన్, సెవ్ వన్ లాంటి తీవ్రత గుర్తులకు మీ టీమ్‌లో అర్థం ఏమిటో రాసి అందరికీ కనపడే చోట పెట్టండి.

5. ప్రతి ఇంటర్న్‌కీ మాటలు అడగడానికి ఒక మనిషిని చూపించండి, ఆ మనిషి రివ్యూ రాసే మేనేజర్ కాకూడదు. రివ్యూ రాసే మనిషి ముందు "నాకు తెలియదు" అనడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ మనిషికి దీనికోసం వారంలో కొంత సమయం అధికారికంగా కేటాయించండి. లేకపోతే అది కూడా ఆయన రాత్రిపూట చేసే అదనపు చాకిరీ అవుతుంది, అది మాకు అక్కర్లేదు.

6. మొదటి నెలలో మీటింగ్‌లో మాట్లాడలేదన్న కారణంతో ఎవరికీ మార్కులు తగ్గించకండి. "కమ్యూనికేషన్ బాలేదు" అని రాయాలనుకుంటే, ఆ మనిషికి మాటల జాబితా ఇచ్చారా, అడిగేందుకు మనిషిని చూపించారా అన్నది కూడా అదే ఫారంలో రాయండి.

7. మీటింగ్‌లో ఎవరైనా "దాని అర్థం ఏమిటి" అని అడిగితే, నడిపిస్తున్నవాళ్లు అక్కడే ఒక వాక్యంలో చెప్పండి. నవ్వినవాళ్లని ఆపాల్సింది మీరే, ఇంటర్న్ ఆపలేరు.

8. అసలు సర్వర్‌ని, డబ్బు లెక్కల్ని, రోగుల వివరాల్ని ముట్టుకునే పని ఇచ్చేముందు, దానికి సంబంధించిన మాటలన్నీ ఆ మనిషి తన సొంత మాటల్లో చెప్పగలుగుతున్నారో లేదో ఒకసారి చెప్పించుకుని చూడండి. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు.

ఇందులో ఐదో డిమాండ్‌కి తప్ప దేనికీ బడ్జెట్ అడగాల్సిన పని లేదు. రెండు, మూడు, ఏడు రేపు పొద్దున నుంచే మొదలుపెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, టీమ్ లీడ్ అనుకుంటే చాలు.

ఇది చదువుతున్న తోటి ఇంటర్న్‌లకి కూడా ఒకటి చెప్పాలి. జాబితా వచ్చేదాకా ఆగకండి. విన్న ప్రతి మాటా, ఎవరు ఏ సందర్భంలో అన్నారో రాసి పెట్టుకోండి, పక్క బ్యాచ్ వాళ్లతో పంచుకోండి. సంస్థ రహస్యాలు మాత్రం బయట పెట్టకండి, ఆ జాబితా ఆఫీసు లోపలే ఉండాలి.

మేనేజర్లకి, హెచ్‌ఆర్ వాళ్లకి మా విన్నపం ఒకటే. "నోట్ చేసుకున్నాం" అన్న జవాబు ఈసారి వద్దు. పై ఎనిమిదింటిలో ఏవి చేస్తారు, ఏ తేదీ లోపు చేస్తారు, ఎవరు చూసుకుంటారు, చేయలేనివి ఏవి, ఎందుకు చేయలేరు అన్నది మీ మీ ఆఫీసుల్లో ఇంటర్న్‌లకి రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే బ్యాచ్ చేరకముందే చెప్పండి.

ఇట్లు,
మీ టీమ్‌లో కొత్తగా చేరిన ఒక ఇంటర్న్